మామూలు వాన

"మీ మండలంలో వర్షపాతం మామూలుగానే ఉందమ్మా. కరువు జాబితాలో మీ పేరు లేదు" అన్నాడు వ్యవసాయాధికారి, ఫైలు మీంచి తలెత్తకుండా.

ద్వాలి తన కాళ్ళవైపు చూసుకుంది. పక్కన నిలబడ్డ ముత్తక్క కాళ్ళవైపు చూసింది. తండా నుంచి ఇక్కడికి తొమ్మిది కిలోమీటర్ల అడవి బాట. వానలు దంచాల్సిన మఖ కార్తె నడుస్తోంది. వాన మామూలుగా పడిన మండలంలో ఆ ఇద్దరి కాళ్ళకూ పిక్కల దాకా ఎర్రదుమ్ము పట్టి ఉంది.

"ఎక్కడ పడ్డది సారూ?" అని అడిగింది ద్వాలి.

"రికార్డు చెప్తోంది కదమ్మా."

కిటికీలోంచి గోదాము కనిపిస్తోంది. దాని ముందు లారీ ఆగి ఉంది. తలుపు సగం తెరిచి ఉంది, లోపల నడుమెత్తున పేర్చిన కంది విత్తనాల బస్తాలున్నాయి. పరిశోధనా కేంద్రం వాళ్ళు తీసిన పొట్టి రకం. ఆలస్యంగా వేసినా నాలుగున్నర నెలల్లో చేతికొస్తుంది. ఆ బస్తాలు కరువు జాబితాలో ఉన్న మండలాలకు పోతాయి. ఈ గోదాములో దాచింది చోటు ఉందని మాత్రమే.

"మావోళ్ళు రెండుసార్లు పత్తి పెట్టిండ్రు సారూ. రెండుసార్లు మాడిపోయింది. నేను నేలల పదును లేదని పెట్టలే. నా చెలక దున్ని ఉత్తగనే ఉన్నది. ఇప్పుడు తండాల అరవై ఇండ్లోళ్ళు, కోయగూడెమోళ్ళు, అందరు నేను ఏసినట్టే ఏస్తమంటున్నరు. పచ్చజొన్న విత్తనం మా దగ్గర ఉన్నది, ముత్తక్క దగ్గర ఉన్నది. కంది ఒక్కటే లేదు. పోయినేడు పూత మీద ముసురు పట్టి గింజ దక్కలే."

"నీ చేను సంగతి నాకు తెలీదా ద్వాలీ? ఫోటోలు తీసింది నేనే కదా."

నిజమే. రెండేళ్ళ కింద శిక్షణలో వాలుకు అడ్డంగా సాళ్ళు తియ్యడం ఆమెకు నేర్పింది ఈయనే. నాలుగు సాళ్ళ జొన్నకు ఒక సాలు కంది వెయ్యమని చెప్పింది మాత్రం ముత్తక్క. గట్టు మీద ఉలవలు చల్లమన్నదీ, మోచెయ్యి లోతు తవ్వి చూడకుండా విత్తనం ముట్టొద్దన్నదీ ఆ కోయ ముసలమ్మే. జొన్న పైపైన తడి తాగుతుంది. కంది లోతుకు దిగి మంచు మీద బతుకుతుంది. వాన ఎగ్గొడితే ఒకటి, ఎక్కువైతే ఒకటి, ఏదో ఒకటి ఇంటికొస్తుంది. ఆ యేడు చుట్టూ పత్తి ఎర్రబడితే ద్వాలి చెలక పచ్చగా నిలబడింది. ఈయన జిల్లా మీటింగులో ఆ ఫోటోలు గోడ మీద వేసి చూపించాడు.

"మరి ఎరికుండి గూడ ఇయ్యవా సారూ?"

ఆయన కాగితం ఒకటి తీసి బల్ల మీద ఇటు తిప్పాడు. "నేనేం చెయ్యను. చూడు, ఆగస్టు పదకొండు. ముప్పై రెండు మిల్లీమీటర్లు. వానకొలత తాసిల్దారాఫీసు నుంచి వస్తది. నాది కాదు."

ఆగస్టు పదకొండు ద్వాలికి బాగా గుర్తుంది. ఆ రోజు తండా బోరింగు కొడితే గాలి వచ్చింది.

*

తాసిల్దారు కార్యాలయానికి ఎదురుగా మన్సూర్ పరుపుల దుకాణం. దూది ఏకి, ఎండబెట్టి, పరుపులు కుట్టడం వాళ్ళ ఇంట్లో తాతలనాటి పని. రోడ్డు పక్క తాటిపత్రి మీద దూది పరిచి, గాలికి లేవకుండా పైన పాత చేపల వల కప్పి ఉంది. ఆడవాళ్ళిద్దరూ నీళ్ళడిగితే మన్సూర్ భార్య సఫూరా చెంబుతో తెచ్చిచ్చింది.

"భాయ్, పదకొండో తారీఖు ఇక్కడ వాన పడ్డదా?" అని అడిగింది ద్వాలి.

మన్సూర్ సూదిలో దారం ఎక్కిస్తున్నవాడు ఆగాడు. "ఏ పదకొండు?"

"ఈ నెల."

"దూది తడిస్తె నా నెల ఖరాబైతది బాయి. మబ్బు కనబడితె చాలు, మేమిద్దరం ఉరికొచ్చి లోపలేస్తం. ఈ నెల ఒక్కసారి గూడ ఎత్తలే. జూన్ నుంచి రెండేసార్లు ఎత్తినం. సఫూరా, అవ్ కదా?"

"రెండుసార్లే" అంది సఫూరా.

ద్వాలి చెంబు కింద పెట్టింది. రోడ్డు దాటింది.

ఆమె తమ్ముడు గోప్యా ఆ కార్యాలయంలో అటెండరు. తండాలో మొదటి సర్కారు నౌకరీ అతనిది. పదకొండేళ్ళుగా తెల్లచొక్కా వేసుకుని, పొద్దున్నే గదులు ఊడ్చి, ఫైళ్ళు మోసి, వానకొలత రిజిస్టరు కూడా రాస్తున్నాడు. అక్కను చూడగానే నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"బాయీ, తిన్నవా?"

లంబాడీల ఇళ్ళల్లో అక్కను అలాగే పిలుస్తారు. ద్వాలి నేరుగా సంగతికొచ్చింది. "వాన కొలిచే డబ్బా ఏది? చూపియ్యి."

కార్యాలయం వెనక కంచె కట్టిన చిన్న జాగా ఉంది. కంచె తలుపుకు తాళం. తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. గోప్యా తాళంచెవి తేలేదు, రాయి తెచ్చి రెండు దెబ్బలు కొట్టాడు. దాన్ని తెరవడం అతనికి కొత్తేమీ కాదుగాని చాలాకాలం అయిందని ఆ రాయి పట్టుకున్న తీరులోనే తెలిసింది. లోపల మోకాలెత్తు గడ్డి ఎండి ఉంది. మధ్యలో గరాటా మూతి డబ్బా. గరాటాలో కందిరీగలు కట్టిన గూడు ఎండిపోయి ఉంది, అవి కూడా దాన్ని వదిలేసి వెళ్ళాయి. ద్వాలి గరాటా ఎత్తి లోపలికి చూసింది. నీళ్ళు పట్టే సీసా లేదు.

"సీసా ఏది?"

"పోయినేడు పగిలింది. కొత్తదానికి రాసినం. రాలే."

"మరి ముప్పై రెండు ఎక్కడిది?"

గోప్యా కార్యాలయం కిటికీ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "ఆఫీసు లెక్కల సారు కాయితమిచ్చిండు. ఏ నెలల మామూలుగ ఎంత పడాల్నో దాంట్ల ఉంటది. దాన్నే మూడు నాలుగు దినాలకు పంచి రాస్త. ఖాళీ పెడితె మెమో ఇస్తరు బాయీ. సున్నా పెడితె ఖమ్మం నుంచి ఫోన్లొస్తయి. గిట్ల రాస్తె ఎవ్వరు అడగరు."

"మామూలంటె ఎప్పటి మామూలు?"

"ముప్పై ఏండ్ల కిందటి లెక్కంట."

ముప్పై ఏళ్ళ కిందటి వాన. ద్వాలి ఓణీ వేసుకున్న రోజుల్లో, తొలకరికి వాగు దాటలేక పశువులు అవతలి గట్టున ఆగిపోయే రోజుల్లో పడిన వాన. ఆ వానను తెచ్చి, ముక్కలు చేసి, బోరింగులో గాలి వచ్చిన రోజు మీద రాశాడు తన తోడబుట్టినవాడు. తను పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతి దాకా దుమ్ము తవ్వి చూస్తున్న వేళకే వీడు ఇక్కడ పెన్ను మూత తీస్తున్నాడు.

ఆమె గరాటాలో చెయ్యి పెట్టి ఎండిన గూడును ఊడబెరికింది. మట్టి రాలుతున్న దాన్ని గోప్యా తెల్లచొక్కా జేబులో పెట్టింది.

"రేపు ఇది రాయి" అని, కంచె దాటి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకు పాతికమంది ఆడవాళ్ళు కంచె చుట్టూ కూర్చున్నారు. ద్వాలి కోడలు సంగీత చేతిలో నోటుబుక్కు ఉంది. పది పాసైన పిల్ల. రెండేళ్ళ కింద ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు తండాకొకటి చొప్పున ప్లాస్టిక్కు వానగొట్టాలు పంచి, వాన పడిన ప్రతిరోజూ రాయమని చెప్పి, మళ్ళీ కనబడలేదు. సంగీత మాత్రం మానలేదు. గొట్టంలో నీళ్ళు ఎన్ని మిల్లీమీటర్లో ఒక గడిలో, అత్త చెలకలో తవ్వి చూస్తే తడి ఎన్ని వేళ్ళ లోతు దిగిందో పక్క గడిలో రాసేది.

రిజిస్టరు తప్పనీ, కంది విత్తనం ఇప్పించమనీ అర్జీ కూడా సంగీతే రాసింది. తాసిల్దారు దాన్ని నిలబడే చదివాడు. "ప్రైవేటు కొలతలు చెల్లవమ్మా" అన్నాడు.

"మాది చెల్లకపోతె మీది చెల్లనియ్యండ్రి సారూ" అంది ద్వాలి. "ఎనిమిదిన్నరకు కొలవాల్నంట గద. కొలవండ్రి. చూస్తం."

ఇంతమంది చూస్తుండగా కొలవక తప్పలేదు. ఎక్కడినుంచో ఒక సీసా తెచ్చి డబ్బాలో పెట్టారు. గోప్యా వంగి చూసి, లేచి, సున్నా అన్నాడు. ఎవరికీ వినబడనంత చిన్నగా అన్నాడు. "ఇనబడలే" అంది ముత్తక్క. మళ్ళీ చెప్పాడు. రిజిస్టరులో అతను రాసిన సున్నా కోడిగుడ్డులా సాగింది.

లెక్కల సారు మెట్ల మీద నిలబడి ఇదంతా చూశాడు. మండల గణాంకాల ఉద్యోగి ఆయన. చొక్కా చేతులు ఎప్పుడూ మడిచి ఉంటాయి, గొంతు ఎప్పుడూ పెంచడు. "మీ గోప్యా నౌకరీ మీరే తీసేటట్టున్నరమ్మా" అని మాత్రం అన్నాడు, మంచిమాట చెబుతున్నట్టు.

ద్వాలికి అరికాలి నుంచి మంట లేచింది. ఆ మాటకు జవాబు ఆమె దగ్గర ఉందిగాని, గోప్యా అక్కడే నిలబడి ఉన్నాడు. వాడి మీద కోపం కూడా ఇంకా చల్లారలేదు. కొంగు నడుముకు బిగించి, మళ్ళీ ఆడవాళ్ళ మధ్యకు పోయి కూర్చుంది.

రెండో రోజు కూడా సున్నా. మన్సూర్ దుకాణం ముందు సఫూరా ఆడవాళ్ళకు నీళ్ళ బిందె పెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం, ఆడవాళ్ళు లేచి ఇళ్ళకు బయలుదేరుతుండగా, భద్రాచలం వైపు నుంచి మబ్బు లేచింది. మన్సూర్, సఫూరా ఉరికొచ్చి వలతో సహా దూది చుట్టి లోపల వేశారు. రెండు గంటలు ఆగకుండా కురిసింది. మొన్నటిదాకా దుమ్ము లేచిన రోడ్డు మీద ఎర్రనీళ్ళు పారాయి.

ఎవరూ చెట్ల కిందికి పోలేదు. నెత్తిన కొంగు కప్పుకుని తడుస్తూనే తండాకు నడిచారు. ద్వాలి ఇంటికి పోకుండా నేరుగా చెలకకు పోయింది. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తోనే తవ్వింది. అడ్డసాళ్ళలో నిలిచిన నీళ్ళు మెల్లగా ఇంకుతున్నాయి. మట్టి పిడికిట్లో పట్టి పిసికితే ముద్ద కట్టింది. మోచెయ్యి దాకా తడి.

"నాలుగు దినాలు" అంది ముత్తక్క, వెనక నిలబడి. "మల్ల ఎండ కొడితె నాలుగే దినాలు ఉంటది ఈ పదును."

విత్తనం లేదు.

*

మర్నాడు ఖమ్మం నుంచి జీపులో ఒక ఆఫీసరమ్మ వచ్చింది. అర్జీ పైదాకా పోయిందట. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని సంగీత నోటుబుక్కు పుట పుటా తిప్పింది.

"మిల్లీమీటర్లు సరే. ఈ వేళ్ళేమిటి?"

సంగీత అత్తవైపు చూసింది.

"పడ్డది వేరు, భూమి తాగింది వేరు మేడమ్" అంది ద్వాలి. "జూన్ల ఒక దినం నలబై పడ్డది. అరగంటల పడ్డది. అంత వాగుల పోయింది. నాలుగు వేళ్ళే దిగింది. చూడండ్రి. గా నలబై చూసి మావోళ్ళు పత్తి పెట్టిండ్రు. జులైల పదిహేనే పడ్డది గని, పొద్దంత మెల్లగ పడ్డది. ఆరు వేళ్ళు దిగింది. ఎనకట నలబై పడితె నలబై దిగుతుండె. ఇప్పుడు వాన ఉరికొచ్చి ఉరికిపోతున్నది. అందుకే రెండు చూస్తం. గొట్టం చూస్తం, గుంత చూస్తం. మీ డబ్బాల ఏం చూస్తున్నరో మీకే ఎరుక."

ఆఫీసరమ్మ ఆ రెండు గడులనూ వేలితో పోల్చుకుంటూ కిందిదాకా పోయింది. తర్వాత కార్యాలయం రిజిస్టరు తెప్పించుకుని పక్కన పెట్టుకుంది. ఆమె మొహం మారింది. లెక్కల సారును పిలిచి లోపల అరగంట మాట్లాడింది.

బయటికి వచ్చేసరికి ఆయన చేతిలో వాంగ్మూలం కాగితం సిద్ధంగా ఉంది.

"ద్వాలీ, నువ్వు అర్జీదారువి. దీని మీద సంతకం పెట్టు" అంది ఆఫీసరమ్మ. "మీ నోటుబుక్కు నేను నమ్ముతున్నా. ఈ కాగితం చేతికొస్తే తప్పుడు కొలత అని ఇప్పుడే ఫోను చేస్తా. గోదాములో విత్తనం నా బాధ్యత మీద ఈ సాయంత్రమే ఇప్పిస్తా. జాబితా తర్వాత మారుతుంది."

ఆడవాళ్ళలో కదలిక వచ్చింది. ద్వాలి కాగితం కోడలి చేతికిచ్చింది. "సదువు."

సంగీత చదివింది. అటెండరు గోప్యా విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం వహించి, పై అధికారుల దృష్టికి తేకుండా, సొంతంగా తప్పుడు వర్షపాతం నమోదు చేసినందున అని ఉంది. గోప్యా గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాడు.

"సొంతంగనా?" అంది ద్వాలి. "కాయితం ఇచ్చినోని పేరేది దీంట్ల?"

"ఏ కాగితం?" అన్నాడు లెక్కల సారు. గోప్యా వైపు చూశాడు. "నేనేమన్న కాగితమిచ్చిన్నా గోప్యా?"

గోప్యా తల వంచుకున్నాడు.

"వాడు అబద్ధం రాసిండు. వానికి శిచ్చ ఎయ్యండ్రి, నేనొద్దనను" అంది ద్వాలి. "రాయించినోడు మెట్ల మీద నిలబడి నాకు సుద్దులు చెప్పిండు. వాని పేరు రాయండ్రి. సంతకం పెడ్త."

ఆఫీసరమ్మ అలసటగా చూసింది. "రుజువు లేకుండా ఎలా రాయమంటావ్? మీ తమ్ముడే చెప్పడం లేదు. నీ ఇష్టం. సాయంత్రానికి నేను ఖమ్మంలో ఉండాలి."

ముత్తక్క దగ్గరికి జరిగింది. "బిడ్డా" అంది మెల్లగా, "ఎవని పేరుంటె ఏంది. పదును ఆరిపోతది."

ద్వాలి కంచె అవతల కూర్చున్న ఆడవాళ్ళను చూసింది. వాళ్ళంతా తన మాట మీద మూడోసారి పత్తి మానుకున్నవాళ్ళు. తమ్ముణ్ణి చూసింది. వాడు నోరు తెరుస్తాడని చూసింది. వాడి చూపు నేల మీది నుంచి లేవలేదు. పిరికివాడు. చిన్నప్పుడు పశువుల డాక్టరు సూదికి భయపడి ఎద్దు వెనక దాక్కున్నవాడు.

ఆమె పెన్ను తీసుకుంది. కాగితం మీదికి వంగింది. ఈ మధ్యే నేర్చిన సంతకం, అక్షరానికి అక్షరం చూసుకుని పెట్టాలి. మొదటి అక్షరం సగం గీసింది.

"ఆగు బాయీ" అన్నాడు గోప్యా.

గోడ వదిలి వచ్చాడు. బల్ల మీది రిజిస్టరు తీసుకున్నాడు. అట్టకు తొడిగిన ఖాకీ కాగితం చించాడు. దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. నెలలవారీగా అంకెలు, ప్రతి అంకె పక్కన దాన్ని ఎన్ని రోజులకు పంచాలో పెన్సిలు రాత. ఆ రాత ఎవరిదో ఆ కార్యాలయంలో అందరికీ తెలుసు. దాన్ని ఆఫీసరమ్మ ముందు పెట్టి, అక్క చేతిలోని పెన్ను తీసుకుని, వాంగ్మూలం కింద మిగిలిన చోట రాయడం మొదలుపెట్టాడు. రిజిస్టరు రాసే చేతివ్రాతే, గుండ్రంగా, గీత తప్పకుండా ఉంది. కొలవకుండా నేనే రాశాను. కొలవకుండా రాయమని లెక్కల సారు చెప్పాడు. కొత్త సీసా కోసం మూడుసార్లు రాసిచ్చాను. జూన్ ఒకటి నుంచి మొన్నటిదాకా ఈ రిజిస్టరులో ఉన్న వాన పడలేదు.

పేరు రాసి, హోదా రాసి, తారీఖు వేశాడు.

లెక్కల సారు ఏదో అనబోయాడు. "మీరు ఆగండి" అంది ఆఫీసరమ్మ, పెన్సిలు రాత మీద నుంచి చూపు తియ్యకుండా.

ద్వాలి పెన్ను తీసుకుని, సగం గీసిన అక్షరాన్ని కొట్టేసింది. తన సంతకం తమ్ముడి రాత కింద పెట్టింది.

*

విత్తనం ఆ సాయంత్రం రాలేదు. ఫోన్ల మీద ఫోన్లు నడిచి మర్నాడు మధ్యాహ్నం గోదాము తెరిచారు. లారీ అప్పటికే సగం ఎత్తుకుపోయింది. అరవై ఇళ్ళకూ గూడానికీ కలిపి ఇంటికి ఎకరానికి సరిపడా వచ్చింది. మిగతా చెలకల్లో జొన్న, ఉలవలతో సరిపెట్టుకోవాలి. గోప్యాను ఆ రోజే సస్పెండు చేశారు. లెక్కల సారును విచారణ తేలేదాకా ఇక్కడి నుంచి మార్చారు. మార్చింది ఖమ్మానికి, ఆయన సొంతిల్లున్న వీధికి దగ్గర్లోనేనని మన్సూర్ చెప్పాడు. ద్వాలి విని, కింద ఉమ్మేసి, విత్తనం మూట నెత్తికెత్తుకుంది.

మరుసటి పొద్దున ఎండ గట్టిగానే ఎక్కుతోంది. పైమట్టి అప్పుడే తెల్లబారుతోంది. ద్వాలి అరక కట్టింది. సంగీత ముందు నాలుగు సాళ్ళకు జొన్న వేసింది. అయిదో సాలుకు కంది వెయ్యాలి. కంది బుట్ట కూడా సంగీతే మోయాలి, ఇంకో మనిషి లేడు. అందరూ వాళ్ళ వాళ్ళ చెలకల్లో ఉన్నారు.

గట్టు మీద గోప్యా నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. తెల్లచొక్కా లేదు, బనీను మీద ఉన్నాడు. పిలవలేదు ఎవరూ. ద్వాలి ఎద్దులను ఆపలేదు. వాడే చెలకలోకి దిగి, సంగీత దగ్గర కంది బుట్ట తీసుకుని, అక్క వెనక నడవడం మొదలుపెట్టాడు.

పది గజాలు పోయాక ద్వాలి వెనక్కి చూసింది. సాలు నిండా గింజలే. పదకొండేళ్ళు మట్టి ముట్టని చేతులు, గుప్పెట వదులైపోతోంది.

"వత్తుగ పడుతున్నయ్" అంది. గూడు జేబులో పెట్టిన రోజు తర్వాత ఆమె వాడితో అన్న మొదటి మాట అది. "జానెడుకు ఒక్కటి పడాలె. కింద చూసుకుంట ఇడువు."

గోప్యా ఆగిపోయాడు. బుట్ట గట్టు మీద పెట్టి, మొదటికి నడిచి, సాలు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జానతో కొలుస్తూ ఎక్కువైన గింజలను ఒక్కొక్కటే ఏరి పిడికిట్లో వేసుకోసాగాడు. బయటున్న గింజా, మట్టిలో సగం కూరుకున్న గింజా, దేన్నీ వదల్లేదు.

ఎండ వీపు మీద కొడుతోంది. పదును ఆరిపోతోంది. వదిలేసి రా అనడానికి ద్వాలి నోరు తెరిచింది.

అనలేదు. పగ్గాలు బిగించి పట్టుకుని, ఎద్దులను కదలనివ్వకుండా, వాడు ఈ చివరికి వచ్చేదాకా అలాగే నిలబడింది.